హోమ్సును చంపజాలని వైద్యుడు

లండను నగరమందలి బేకరు వీథిలో 221బి సంఖ్యగల యింట కాపురముండు షెర్లాకు హోమ్సు అను అపరాధపరిశోధకునిపేర లోకముయొక్క నలుమూలలనుండియు జాబులు వచ్చుచుండెడివి. పోయిన నగను వెదకిపెట్టుమని యొకరు, దేశాంతరము పోయిన బంధువు జాడ తెలుపుమని యొకరు, కేవలము చేవ్రాలు కోరి యొకరు వ్రాయుచుండిరి. హోమ్సు అను మనుష్యుడు భూమిమీద పుట్టలేదు. కథలు వెలువడిననాటికి ఆ వీథిలో ఆ సంఖ్యగల యిల్లును లేదు. పిమ్మట వీథిసంఖ్యలు మాఱి, ఆ సంఖ్య యొక గృహఋణసంఘమువారి భవనమునకు దక్కినది. లేనివానికి వచ్చు జాబులకు ప్రత్యుత్తరములు వ్రాయుటకై ఆ సంఘమువారు ఒక యుద్యోగిని నియమింపవలసివచ్చెను. పురాణపురుషులను వదలిన, ఇంతటి మర్యాద పొందిన కల్పితపురుషులు అరుదు.

ఇట్టి సృష్టి గావించిన సర్ ఆర్థరు కానన్ డాయిల్ మాత్రము దాని నొక గుదిబండగా భావించెను. తన కీర్తి చారిత్రకనవలలవలన నిలువవలెనని ఆతని కోరిక. ఆ కోరిక కడ్డము వచ్చుచున్నాడని హోమ్సును చంపెను, లోకము చావనీయలేదు. తుదకు తాను కల్పించినవాని పని తానే చేతబట్టి, మన బొంబాయి పార్శీయొకని కుమారుని పక్షమున ఆంగ్లప్రభుత్వముతో పోరాడవలసినవాడయ్యెను. హోమ్సు కథలు చదివిన మనవారిలో ఈ కడపటి కథ నెఱిగినవారు కొలదిమంది. దాని నెఱుగుట యవసరము.

డాయిల్ 1859వ సంవత్సరము మే 22వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. వంశము ఐర్లండుది, మతము రోమను కాథలిక్కు. తాతయగు జాన్ డాయిల్ ‘హెచ్.బి.’ అను మాఱుపేరుతో రాజకీయ వ్యంగ్యచిత్రములు వ్రాసి మంత్రులను నవ్వులపాలు చేసినవాడు. పెదతండ్రి రిచర్డు డాయిల్ ‘పంచ్’ అను హాస్యపత్రికకు వ్రాసియిచ్చిన ముఖచిత్రము 1849 మొదలు 1956 వఱకు ఆ పత్రికమీద నిలిచియుండెను. తండ్రి చార్లెసును చిత్రకారుడే. కాని, త్రాగుడు ఆతనిని మ్రింగినది. మూర్ఛలు తోడయ్యెను. ఆతడు తన చివరి యేండ్లను చికిత్సాలయములలో గడపి 1893లో మరణించెను. సంసారమును లాగినది తల్లి మేరీ. వంట చేయుచునే చదువుకొనునట్టి యిల్లాలు ఆమె. పూర్వవీరుల కథలను, వంశచరిత్రములను ఆమె నోట విన్న బాలునకు వీరధర్మముపై మోజు జనించి తుదివఱకు విడువలేదు. ఆతని సద్గుణములకును, వికారములకును కూడ మూల మిదియే యని మాకు తోచుచున్నది.

బాలుడు స్టోనీహర్‌స్టులోని జెస్యూటు గురువులకడ కఠినమైన చదువు చదివెను. బయటికి వచ్చునప్పటికి వారి మతముపై నమ్మకము సడలియుండెను. 1876లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. అచ్చట జోసఫు బెల్ అను శస్త్రవైద్యుడు రోగి నోరు తెఱవకమున్నే ఆతని వృత్తిని, వచ్చిన యూరిని, మొన్నటివఱకు కొలువు చేసిన పటాలమును చెప్పివేయుచుండెడివాడు. అందు మంత్రము లేదు, తంత్రము లేదు. టోపీ తీయని తీరు, చేతిమీది కాయ, చెప్పులకంటిన మన్ను, ఎండకు కమలిన చర్మము, ఇవియే ఆతనికి సాక్షులు. బెల్‌గారి యాసుపత్రిలో రోగులను వరుసగా లోనికి పంపు పని డాయిల్‌కు లభించెను. గురువు చూచుచుండెను, శిష్యుడు గురువును చూచుచుండెను. హోమ్సునకు విత్తు పడినది ఆ గదిలోనే.

చదువుమధ్య 1880లో తిమింగిలములను వేటాడు ఓడమీద వైద్యుడుగా ఉత్తరధ్రువసముద్రమునకును, పట్టము పుచ్చుకొనినపిమ్మట మఱియొక యోడమీద పశ్చిమాఫ్రికాతీరమునకును పోయివచ్చెను. 1882లో, పది పౌనులకు తక్కువ సొమ్ముతో పోర్ట్స్‌మతునందలి సౌత్‌సీలో వైద్యశాల తెఱచెను. పేరుగల పలక గుమ్మమున వ్రేలాడుచుండెను. లోనికి వచ్చు రోగి కనబడడు. ఖాళీగా కూర్చున్న వైద్యుడు కథలు వ్రాయజొచ్చెను. 1885లో లూయీసా హాకిన్సు అను నామెను వివాహమాడెను. 1886లో హోమ్సు, ఆతని మిత్రుడు డాక్టరు వాట్సను తొలిసారిగా కనబడు ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ అను నవల పూర్తియయ్యెను. ప్రకాశకు లొకరివెనుక నొకరు త్రిప్పిపంపిరి. చివరకు వార్డు లాకు అను సంస్థవారు సర్వహక్కులకును కలిపి 25 పౌనులిచ్చి కొని, 1887 క్రిస్మసు సంచికలో ప్రకటించిరి. ఆ పుస్తకమువలన ఆతనికి అంతకుమించి యొక కాసైనను ముట్టలేదు. రచయితలనుండి పుస్తకమునకు మూల్యమిచ్చి వంశమును కొనునట్టి ఈ యాచారము సీమకు మాత్రమే చెల్లినది కాదని మన గ్రంథకర్త లెఱుగుదురు.

వాట్సను మనదేశపు ఆంగ్లసైన్యములో కొలువు చేసి, 1880లో ఆఫ్గను యుద్ధమందలి మైవందు పోరున గాయపడి తిరిగిపోయినవాడుగా చిత్రింపబడినాడు. 1890లో వెలువడిన రెండవ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నందు 1857నాటి ఆగ్రాకోట, అందలి దొంగనిధి, అండమాను ఖైదు ముఖ్యవస్తువులు. డాయిల్ మనదేశము నెఱుగడనుటకు ఆ నవలయే చాలును. అందలి పంజాబు సిక్కులలో నొకనికి మహమ్మదు సింగనియు, వేఱొకనికి అబ్దుల్లాఖాననియు పేళ్లు పెట్టినాడు! గుమ్మములోనికి వచ్చినవాని బూటుమీది మట్టిని చూచి ఊరిపేరు చెప్పు కథానాయకుని సృష్టించినవానికి సిక్కునకు ఖానని పేరుండదని చెప్పువారు లేకపోయిరి. అండమాను ద్వీపవాసిని నరరూపమృగముగా చూపుట మఱింత శోచనీయము. కన్నులకు గోచరించుదానిని సూక్ష్మముగా చూచు విద్య వేఱు, కంటికి కానరాని జాతులను న్యాయముగా తలంచు విద్య వేఱు. ఈ రెండవ విద్య ఆతనికి ఆలస్యముగా, అదియు సగమే అబ్బినది.

1891లో ఆతడు లండను చేరి నేత్రవైద్యుడుగా గది తెఱచెను. ఒక్క రోగియు గడప త్రొక్కలేదని ఆతడే తరువాత వ్రాసికొనినాడు. ఆ యేడే ‘స్ట్రాండ్’ అను మాసపత్రిక వెలువడజొచ్చెను. అప్పటి పత్రికలలో నవలలు భాగములుగా వచ్చుచుండెడివి. ఒక సంచిక తప్పిన పాఠకునకు తరువాతి సంచిక నిరుపయోగము. విడికథలైన పాఠకుని పత్రికకు కట్టివేయవు. డాయిల్ దీనికొక యుపాయము పన్నెను: నాయకు డొక్కడే, కథమాత్రము ప్రతినెలయు క్రొత్తది, ఆ సంచికలోనే ముగియునది. నేటికిని చలనచిత్రములవారును, దూరదర్శనమాలికలవారును, బొమ్మలకథల పత్రికలవారును బ్రదుకుచున్నది ఈ యుపాయముమీదనే. 1891 జులై సంచికనుండి కథలు సాగినవి. సిడ్నీ పేజెటు అను చిత్రకారుడు హోమ్సునకు సన్నని మొగమును, జింకలవేటగాండ్రు పెట్టుకొను రెండంచుల టోపీని ఇచ్చెను. ఆ టోపీపేరు డాయిల్ ఎక్కడను వ్రాసి యెఱుగడు. పాత్ర అప్పుడే కర్త చేతినుండి జాఱుట కారంభించినదన్నమాట.

పత్రిక వేలకువేలుగా అమ్ముడుపోవుచుండెను. సంపాదకులు మఱికొన్ని కథలకు తొందరచేయుచుండిరి. వారిని వదలించుకొనదలచి డాయిల్ కథకు 50 పౌనులు కోరెను, వా రిచ్చిరి. తరువాత పండ్రెండు కథలకు వేయి పౌనులు కోరెను, అదియు నిచ్చిరి. సొమ్ము పెరిగినకొలది విసువును పెరిగెను. ‘మైకా క్లార్క్’, ‘ది వైట్ కంపెనీ’ మొదలగు చారిత్రకనవలలకై ఆతడు గ్రంథరాసులు తిరుగవేసి శ్రమించెను. లోకము వానిని మెచ్చుకొనుచునే హోమ్సు ఎక్కడ నని యడుగుచుండెను. 1891లోనే హోమ్సును కడతేర్పనెంచగా తల్లి వారించినది. 1893లో ఆమె మాటయు సాగలేదు. ఆ యేడు తండ్రి పోయెను; భార్యకు క్షయ అని వైద్యులు తేల్చిరి. స్విట్జర్లండులోని రైఖెన్‌బాఖు జలపాతము చూచివచ్చిన డాయిల్, 1893 డిసెంబరు కథలో హోమ్సును ఆతని శత్రువగు మోరియార్టీతోకూడ ఆ జలపాతమున త్రోసివేసెను.

లండనులో గగ్గోలు పుట్టెను. వేలకొలది పాఠకులు చందాలు మానుకొనిరి. కర్తకు తిట్లతో నిండిన జాబులు వచ్చెను. కన్నతండ్రి పోయినందుకు పలుకరింపనివారు కల్పితుడు పోయినందుకు పరామర్శించుట చూచి ఆ రచయిత మనస్సు ఎట్లుండెనో ఊహింపవచ్చును.

ఆతడు తలవంచక యెనిమిదేండ్లు గడపెను. నడుమ దక్షిణాఫ్రికాలో బోయరుయుద్ధము వచ్చెను. 1900లో బ్లూమ్‌ఫాంటీనులోని సైనికాసుపత్రిలో టైఫాయిడుచే రాలిపోవుచున్న సిపాయిలకు డాయిల్ వైద్యముచేసెను. ఆ యుద్ధమునందే నేటాలులో గాంధీమహాత్ముడు భారతీయుల నొక దళముగా కూర్చి క్షతగాత్రులను డోలీలలో మోయించెను. సేవలో ఇరువురికిని భేదము లేదు. కాని డాయిల్ 1902లో ఆంగ్లసైన్యమును సమర్థించుచు ఒక చిన్నపుస్తకము వ్రాసి, దానిని పలుభాషలలోనికి మార్పించి ఐరోపాయంతట పంచిపెట్టెను. బోయరు స్త్రీలను, బిడ్డలను కంచెలలో బంధింపగా 20,000కు మించి ప్రాణములు పోయిన శిబిరములను గూడ ఆతడు సమర్థించెను. ఆ యేడే ఆతనికి ‘సర్’ బిరుదు లభించెను. సాక్ష్యములు లేనిదే యేమియు నమ్మనివానిగా హోమ్సును దిద్దిన కలము, తన ప్రభుత్వము చూపిన సాక్ష్యములను మాత్రము పరీక్షింపకయే స్వీకరించెను.

హోమ్సు మఱల లేచెను. 1901లో ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ పూర్వము జరిగిన కథగా వెలువడెను. 1903లో అమెరికాపత్రికలవారు చూపిన ధనరాశికి లొంగి, ఆతడు జలపాతమున పడనేలేదని డాయిల్ వ్రాయవలసివచ్చెను. పిమ్మట 1927 వఱకు హోమ్సు నడచుచునే యుండెను. కథలు మొత్తము 56, నవలలు 4. ఇక చంపుట యని యెన్నడు ననలేదు.

1906 జులైలో భార్య మరణించెను. దుఃఖముతో పనిలేక కూర్చున్న డాయిల్‌కంట ఆ యేటి చివర నొక వార్త పడెను. ఆ వార్త జార్జి ఎదల్జీ అను యువకునిది.

బొంబాయి పార్శీయగు షాపూర్జీ ఎదల్జీ క్రైస్తవమతము స్వీకరించి, సీమకేగి, ఒక యాంగ్లవనితను వివాహమాడి, స్టాఫర్డుషైరులో గ్రేట్ వైర్లీ అను గనుల పల్లెకు 1876లో మతగురువయ్యెను. నల్లవాడు తమ దేవళమున బోధించుట గ్రామములో కొందఱకు కంటకమయ్యెను. ఆకాశరామన్న యుత్తరములు ఏండ్లతరబడి వచ్చుచుండెను. జిల్లా పోలీసు నాయకుడు కాప్టను ఆన్సను ఆ యుత్తరముల కర్త గురువుగారి పెద్దకుమారుడు జార్జియే యని ముందుగనే నిశ్చయించుకొనియుండెను. జార్జి బుద్ధిమంతుడు, బర్మింగుహాములో సొలిసిటరు, రైలు ప్రయాణికుల హక్కులనుగూర్చి 1901లో ఒక న్యాయగ్రంథము ప్రకటించినవాడు. 1903లో ఆ పల్లె చుట్టుపట్ల గుఱ్ఱములను, గొఱ్ఱెలను, పశువులను ఎవరో రాత్రులయందు కడుపులు కోసి పోవుచుండిరి. ఆగష్టునెలలో ఒక బొగ్గుగని గుఱ్ఱపుపిల్ల అట్లే కోయబడెను. ఆ రాత్రి గురువుగారి యింటిపై పోలీసులు కాపలా కాచియుండిరి. కొడుకు తనగదిలోనే, తాళమువేసిన తలుపువెనుక, నిద్రించెనని తండ్రి ప్రమాణముచేసి చెప్పెను. అయినను జార్జిని పట్టుకొనిరి. ఆతని కోటుమీద గుఱ్ఱపువెంట్రుక లున్నవనిరి; పరీక్షకై ఆ కోటును పంపినపుడు, చచ్చిన జంతువు చర్మపుముక్కనుగూడ ఆ పరీక్షకునికే పంపిరి. ఆతడు చెఱసాలలోనుండగనే మఱియొక గుఱ్ఱము కోయబడెను. ఆతనికొక ముఠా కలదనిరి. అక్టోబరులో ఏడేండ్ల కఠినశిక్ష విధింపబడెను. పదివేలమంది మహజరు పంపిరి; ఫలము లేదు. మూడేండ్లకు, 1906లో, కారణము చెప్పకయే విడిచిరి. శిక్ష రద్దుకాలేదు, వృత్తి పోయెను, పోలీసు నిఘా మాత్రము పోలేదు.

డాయిల్ ఆతనిని లండనులో నొక హోటలునందు కలిసికొన నేర్పాటుచేసెను. తాను చేరునప్పటికి ఎదల్జీ వార్తాపత్రికను కంటికి మిక్కిలి దగ్గఱగా, కొంచెము పక్కకు వంచి పట్టుకొని చదువుచుండెను. ఒక్క రోగియు రాని ఆ నేత్రవైద్యునకు ఆ చూపు చాలెను. ఇంత హ్రస్వదృష్టిగలవాడు, కళ్లజోడు లేక, చీకటిలో, వానలో, పొలములకడ్డముగా నడచి, రైలుకట్ట దాటి, కాపలావారి కన్నుగప్పి, గుఱ్ఱమును వెదకి కోసి తిరిగివచ్చుట యెట్లు? కంటివైద్యనిపుణుడును ఆ దోషమును ధ్రువపఱచెను. డాయిల్ ఆ పల్లెకు పోయి త్రోవ నడచి చూచెను, కాగితములన్నియు పరిశీలించెను. ఎదల్జీ చేవ్రాతను గుర్తించిన నిపుణుడే, పూర్వము అడాల్ఫు బెకు అను నిరపరాధిని చెఱకు పంపిన సాక్ష్యము పలికినవాడు. జంతువు కోతకును, కోటుమీది మఱకకును పొత్తు కుదురలేదు. 1907 జనవరిలో ‘డెయిలీ టెలిగ్రాఫ్’ పత్రికయందు డాయిల్ ఈ వాదమంతయు ప్రకటించెను. ఎవరైనను ఉచితముగా పునర్ముద్రించుకొనవచ్చునని హక్కు విడిచిపెట్టెను. హోమ్సు కథకు పంక్తిపంక్తికిని సొమ్ము పుచ్చుకొనినవాడు ఈ కథకు కాసు ముట్టలేదు.

ప్రభుత్వము ముగ్గురు పెద్దలతో విచారణసంఘము వేసెను. వారిలో నొకరు ఆన్సనుకు బంధువు. 1907 మే నెలలో తీర్పు వెలువడెను. ఎదల్జీ పశువులను కోయలేదు, కనుక క్షమాభిక్ష. కాని ఉత్తరములు కొన్ని ఆతడే వ్రాసి కష్టము తెచ్చుకొనెను. కనుక పరిహారము లేదు. చేయని తప్పునకు క్షమయు, పడిన శిక్షకు శూన్యమును! ప్రభుత్వము తన తప్పు నొప్పుకొనకయే తప్పించుకొను నిట్టి తీర్పులు మనకు పరిచితములే. ఐనను రెండు మేళ్లు జరిగెను. న్యాయవాదుల సంఘము ఆ యేటనే ఎదల్జీని మఱల చేర్చుకొనెను. అంతవఱకు శిక్షితులకు అప్పీలు న్యాయస్థానమే లేని ఇంగ్లండులో, బెకు, ఎదల్జీల యుదంతములు పుట్టించిన సంచలనమువలన 1907లో చట్టము వచ్చి, అట్టి న్యాయస్థాన మేర్పడెను. డాయిల్ 1907 సెప్టెంబరులో జీన్ లెకీ అను నామెను మఱల పెండ్లాడినప్పుడు విందునకు వచ్చిన యతిథులలో ఎదల్జీ యొకడు. ఈ ప్రయత్నమునను డాయిల్ తొట్రుపాటు లేకపోలేదు: చాలినంత ఋజువు లేకయే వేఱొక యువకుని దోషిగా తలంచి ఆతనిపై అధికారులకు నివేదించెను. కథలో నేరస్థుడు కడపటి పుటకు తప్పక దొరకును; పల్లెలో దొరకడు.

ఆ పిమ్మట డాయిల్ చూపు కొంత విశాలమయ్యెను. బెల్జియమురాజు కాంగోదేశమున రబ్బరుకై సాగించిన హత్యాకాండను ఖండించుచు 1909లో గ్రంథము వ్రాసెను. అందుకు తోడ్పడిన రాజర్ కేస్‌మెంటు, ఐర్లండు స్వాతంత్ర్యముకొఱకు జర్మనీ సాయము గోరి 1916లో పట్టుబడి మరణశిక్ష పొందినపుడు, యుద్ధోన్మాదము మిన్నంటియున్న ఆ దినములలో ఆతని ప్రాణము కాపాడుమని మహజరు సిద్ధపఱచి ప్రముఖుల చేవ్రాళ్లు సేకరించినవాడు డాయిలే. ప్రభుత్వము ఆగష్టు 3వ తేదీన కేస్‌మెంటును ఉరితీసెను. గ్లాస్గోలో ఒక వృద్ధురాలి హత్యకై 1909లో శిక్షింపబడిన ఆస్కారు స్లేటరు అను జర్మను యూదునికొఱకు 1912లో కలము పట్టి, 1928లో శిక్ష రద్దగువఱకు విడువలేదు. స్లేటరు పదునెనిమిదేండ్లకుపైగా రాళ్లు కొట్టిన తరువాతనే అది జరిగినది. ఆరువేల పౌనుల పరిహారము చేతబడగనే ఖర్చుల విషయమై ఇద్దఱును జగడమాడిరి!

ముదిమిలో ఆతడు ప్రేతాత్మలతో సంభాషణ సాధ్యమని నమ్మి, 1916 మొదలు ఆ ప్రచారమునకే ధనమును, ఆరోగ్యమును ధారవోసెను. 1918లో కొడుకు కింగ్‌స్లీ, మఱుసటి యేట తమ్ముడు ఇన్నెసు మరణించుటతో ఆ విశ్వాసము గట్టిపడెను. కాటింగ్లీలో ఇరువురు బాలికలు కాగితపు బొమ్మలను టోపీసూదులతో నిలిపి తీసిన ఛాయాచిత్రములను నిజమైన వనదేవతలుగా నమ్మి 1920లో ‘స్ట్రాండ్’ పత్రికలోనే ప్రకటించెను. హోమ్సు కథలు అచ్చయిన పత్రిక యది! ఆ బాలికలు వృద్ధురాండ్రై 1983లో నిజమొప్పుకొనిరి. నవ్వినవారిని మేము తప్పుపట్టము. కాని యుద్ధములో బిడ్డలను పోగొట్టుకొనిన ఆనాటి తలిదండ్రులు ఆతని సభలకు ఎందుకు వచ్చిరో తెలిసినవారు కొంచెము తగ్గి నవ్వుదురు.

1930 జులై 7వ తేదీన క్రౌబరోలోని తన యింట డాయిల్ కన్నుమూసెను. ఆఱుదినములకు లండనులోని ఆల్బర్టు భవనమున వేలకొలది జనులు కూడి, ఆతడు వచ్చి కూర్చుండునని వేదికపై నొక కుర్చీని ఖాళీగా నుంచిరి. హోమ్సు పేర జాబులు ఆ తరువాతను వచ్చుచునే యుండెను. జార్జి ఎదల్జీ మఱి యిరువదిమూడేండ్లు జీవించి 1953లో మరణించెను. పరిహారముక్రింద ప్రభుత్వము ఆతనికి ఒక్క పెన్నీయైనను చెల్లింపలేదు.